ఒళ్ళు చేసిన పిల్లవాడు

బస్సుల గ్యారేజీ వెనక సందులో కటింగ్ షాపు నడిపే అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ అతను దువ్వెనన్నే. వడ్రంగి చెవి మీద పెన్సిల్ ఉన్నట్టు అతని చెవి మీద ఎప్పుడూ ఒక నల్ల దువ్వెన ఉంటుంది. అన్నం తినేటప్పుడు కూడా తియ్యడు. పెళ్లిలో ఫోటో తీసేవాడు "అన్నా, ఆ దువ్వెన కాస్త పక్కన పెట్టు" అంటే, "పెడితే నేనెవరో మా ఆవిడకి తెలియొద్దూ?" అన్నాడట.

షాపంటే ఒక్క గది. రెండు కుర్చీలు. ఒకదానికి కాళ్లు ఆన్చుకునే రేకు ఊడిపోయింది. పొడుగువాళ్లని దాంట్లో కూర్చోబెట్టేవాడు, వాళ్ల కాళ్లు ఎలాగూ నేలకి అందుతాయి కాబట్టి. పిల్లలొస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క వేసి, దాని మీద ఎక్కించేవాడు. కత్తెర చప్పుడు వింటేనే గుక్కపట్టే పిల్లలు కూడా అతని దగ్గర కిక్కురుమనేవారు కాదు. "నీ తల్లో పిచ్చుక గూడు కట్టిందిరోయ్. గుడ్లు పగలకుండా తియ్యాలి, కదలకు" అనేవాడు. పిల్లాడు ఊపిరి బిగబట్టేవాడు. గుడ్లు క్షేమంగా బయటపడేలోపు కటింగ్ అయిపోయేది.

తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది అతన్ని. అక్కకి పెళ్లయిన కొత్తలోనే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడే తమ్ముడు, తమ్ముడే కొడుకు. ఆమె గీసిన గీత దువ్వెన ఎన్నడూ దాటలేదు. దాటాలని అనిపించనూ లేదు. ఈ మధ్య ఆమె కళ్లకి పొరలు కమ్మి, మనుషుల్ని గొంతుతోనూ వస్తువుల్ని చేత్తోనూ గుర్తుపట్టేది.

భార్య ఊరి చివర బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. సందులో ఆమెకి బిస్కెట్టమ్మ అని పేరు. వెదురు బద్దలా ఉండేది. "గాలొస్తోంది, మీ ఆవిణ్ణి పట్టుకో అన్నా" అని కుర్రాళ్లు వేళాకోళం చేసేవారు. కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేదని ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. వేసుకుంటే వికారం. వికారంతో ప్యాకింగ్ లైన్లో రోజంతా నిలువుకాళ్ల మీద ఉండటం కుదరలేదు. మాత్రలు మానేసింది, పని మానలేక.

పిల్లవాడు పుట్టాడు. చేతికి అందీ అందనట్టు, తడిసిన పిట్టపిల్లలా ఉన్నాడు. "చిన్నగా పుట్టినా పెద్దగా పెరుగుతాడు, మన చేతిలో పని" అంది అక్క. దువ్వెనకి నేల మీద కాళ్లు ఆననంత సంతోషం. ఆ వారం వచ్చినవాళ్లందరికీ, అడిగినా అడగకపోయినా, గడ్డం ఊరికే గీశాడు.

మూడో నెల నిండకముందే ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. "నీ చోటు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచమంటావమ్మా? నీ వెనక గేటు దాకా జనం ఉన్నారు" అన్నాడు సూపర్వైజరు. పిల్లవాణ్ణి అక్క చేతిలో పెట్టి ఆమె పనికి వెళ్లింది. పగలు డబ్బా పాలు, రాత్రి తల్లి పాలు. డబ్బా మీద రాసినన్ని చెంచాలు అక్క ఎన్నడూ వెయ్యలేదు. చిక్కగా పడితే పసిపేగులకి అరగవని ఆమె నమ్మకం. పలచగా కలిపితే డబ్బా నాలుగు రోజులు ఎక్కువ వస్తుందన్నది అందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనని మాట.

వాడికి కూర్చోవడం వచ్చాక బిస్కెట్లు మొదలయ్యాయి. వారం చివర ఫ్యాక్టరీలో విరిగిన బిస్కెట్లు పనివాళ్లకి సంచుల్లో పోసి ఇచ్చేవారు. టీ నీళ్లలో వేస్తే ఇట్టే కరిగి ముద్దవుతాయి. పొయ్యి వెలిగించక్కర్లేదు, కళ్లు కనపడకపోయినా పెట్టొచ్చు. పిల్లవాడు తియ్యగా ఉందని చప్పరించుకుంటూ తినేవాడు. గుడ్డు పెడితే ఊసేవాడు, పప్పన్నం పెడితే తల తిప్పుకునేవాడు, బిస్కెట్ ముద్దకి మాత్రం రెండు చేతులూ చాచేవాడు.

"మా వాడిది రాజభోగం. లోకంలో పిల్లలు ఒక్క బిస్కెట్టు కోసం ఏడుస్తారు, మావాడు సంచిలో కూర్చుని తింటాడు" అని దువ్వెన షాపులో చెప్పుకునేవాడు.

వాడికి ఏడాది నిండకముందే ఆమెకి మళ్లీ నెల తప్పింది. ఆ సంగతి తెలిసిన పూటే అక్క మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్, ఇక వాడికి పాలివ్వకు. కడుపుతో ఉన్నదాని పాలు చంటివాడికి విషం."

"రాత్రిపూట ఒక్కసారేగా వదినా..."

"విషం ఒక్కసారైనా విషమే."

దువ్వెన అక్క ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు, చివరికి చెవి మీది దువ్వెన సర్దుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. పిల్లవాడు చాలా రాత్రులు ఆమె వీపు మీద కొడుతూ ఏడ్చాడు. తర్వాత ఏడవడం మానేశాడు.

అప్పుడే వానలు మొదలయ్యాయి. ఆ సందులో కుళాయి గొట్టం మురిక్కాలువలోంచే వస్తుంది. వానాకాలంలో కాలువ ఏదో, కుళాయి ఏదో ఆ నీళ్లకే తెలియదు. ఇంటింటా పిల్లలకి విరేచనాలు. వీడికీ పట్టుకున్నాయి. తగ్గాయనుకునేలోపు మళ్లీ. అలా పట్టుకున్నప్పుడల్లా అక్క వాడి కడుపు మాడ్చేది. "పొట్టకి పని తగ్గిస్తే పొట్టే బాగుచేసుకుంటుంది" అని పాలూ అన్నం ఆపి, డికాక్షన్ నీళ్లు చెంచాతో పోసేది. ఆమె తల్లి ఆమెకి అలాగే చేసింది. ఆమె బతికి బట్టకట్టింది కదా, ఇక తప్పెక్కడుంటుంది?

వానలు వెలిశాక విరేచనాలు కట్టాయి. పిల్లవాడు తేరుకున్నట్టే కనిపించాడు. తేరుకోవడం ఏమిటి, ఒళ్ళు చేశాడు! బుగ్గలు ఉబ్బి, చేతులు నున్నగా, పాదాలు దిండ్లలా తయారయ్యాయి. సందంతా వాణ్ణి బుగ్గలోడు అని పిలవడం మొదలుపెట్టింది. అక్క తన వేళ్లతో వాడి ముఖమంతా తడిమి, "ఎంత బాగున్నాడ్రా తమ్ముడూ, నా దిష్టే తగిలేట్టుంది" అని మురిసిపోయేది. వాపుని చూసి బలుపనుకోవద్దనే సామెత చెప్పుకోని ఇల్లుండదు. ఆ ఇంట్లోనూ చెప్పుకునేవారు, వేరేవాళ్ల గురించి.

అల్లరి లేదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే, ఆఫీసులో గుమాస్తాలా, కళ్లు వాల్చుకుని కూర్చునేవాడు. ఏడాదిన్నర కావస్తున్నా నడవలేదు. "మగపిల్లలు బద్ధకస్తులు. వాళ్ల నాన్న రెండేళ్లకి నడిచాడు" అంది అక్క. నడుస్తాడని దువ్వెన చెప్పుల షాపులో చిన్న బూట్లు కొన్నాడు. ఇంటికొచ్చి తొడిగితే పాదం దూరలేదు. మర్నాడు నవ్వుకుంటూ వెళ్లి, "మావాడు నా అంచనా దాటిపోయాడయ్యా" అని పెద్ద సైజు మార్చుకొచ్చాడు.

జుట్టు రంగు మారింది. నల్లగా వంకీలు తిరిగే జుట్టు రాగి తీగల్లా పలచబడి నిలువుగా సాగింది. బస్సు డ్రైవర్లు చూసి, "ఏంటన్నా, పిల్లాడికి కూడా రంగేశావా?" అని అడిగేవారు. "పుట్టుకతోనే హీరో. నా దగ్గర రంగు ఖర్చు దండగ" అనేవాడు దువ్వెన.

ఒక ఆదివారం జనం పలచగా ఉన్నప్పుడు వాణ్ణి షాపుకి తెచ్చి చెక్క మీద కూర్చోబెట్టాడు. "పిచ్చుక గూడు పెట్టిందిరోయ్" అన్నాడు. వాడు వినలేదో, వినాలనిపించలేదో, అద్దంలోకి కూడా చూడలేదు. దువ్వెన చెవి మీది దువ్వెన తీసి నెత్తిన పెట్టి ఒక్కసారి వెనక్కి దువ్వాడు. కుచ్చు కుచ్చే దువ్వెనతో వచ్చేసింది. లాగలేదు, చిక్కూ లేదు. వేళ్లతో పట్టుకుని చూశాడు. తడి గోడకి అంటించిన కాగితంలా జుట్టు ఊడి వస్తోంది. పిల్లవాడు నొప్పని మూలగలేదు, తల కూడా కదల్చలేదు.

అతని చేతుల కింద నుంచి ఎన్ని వేల తలలు పోయాయో లెక్కలేదు. జ్వరం పడి లేచినవాడి జుట్టు, బాలింత జుట్టు, దిగులుతో రాలే జుట్టు అన్నీ అతని వేళ్లకి తెలుసు. ఇలా ప్రాణం లేనట్టు చేతికొచ్చే జుట్టు అతను ఏ పిల్లవాడి తలమీదా చూడలేదు. అంతలో గుమ్మంలో ఎవరో "ఖాళీయేనా అన్నా?" అన్నారు. "ఖాళీయే, రండి రండి" అని పిల్లవాణ్ణి దించి, ఆ రాగి కుచ్చుల్ని మిగతా జుట్టుతో కలిపి ఊడ్చేశాడు.

"వేడి చేసినట్టుంది. కాస్త నూనె రాయండి" అని మాత్రం ఇంట్లో చెప్పాడు.

భార్యకి ఏడో నెల వచ్చింది. పరీక్షకి ఆసుపత్రికి వెళుతూ, అక్కకి జలుబుగా ఉందని పిల్లవాణ్ణి చంకనేసుకుంది. దువ్వెన సంచి పట్టుకుని వెనక నడిచాడు. లోపలికి వెళితే నర్సమ్మ ఆమె కడుపు చూడలేదు. పిల్లవాడి కాలు చేతిలోకి తీసుకుని, పాదం మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. వేలు తీశాక అక్కడ గుంట పడింది. ఆ గుంట నిండలేదు. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఈ వాపు ఎప్పట్నుంచి?"

"వాపు కాదండీ" అన్నాడు దువ్వెన. "ఒళ్ళు చేశాడు."

నర్సమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టబోయి ఆగినట్టుంది. "ఒళ్ళు కాదు నాయనా, నీరు. ఒంట్లో సత్తువ లేక నీరు పట్టింది. వీడికేం పెడుతున్నారు?"

భార్య చెప్పింది. టీ నీళ్లు, బిస్కెట్లు, అప్పుడప్పుడూ గంజి. తను చెబుతున్నది ఏమిటో ఆమెకి తన నోటి నుంచి విన్నప్పుడే తెలిసినట్టుంది.

"మా ఇంట్లో వాడు ఆకలితో ఒక్క పూట పడుకోలేదండీ" అన్నాడు దువ్వెన. అది నిజం. ఆకలి తీరింది, కడుపు నిండింది, ఒంటికి మాత్రం ఏమీ అందలేదు. ఆ ముక్క నర్సమ్మ ఓపిగ్గా విడమరచి చెప్పింది. అతనికి సగమే తలకెక్కింది.

వెంటనే వార్డులో చేర్చుకున్నారు. పొడుగాటి గది, గోడవారన మంచాలు, ప్రతి మంచం మీదా ఒక ముసలి ముఖమున్న పసిబిడ్డ. పిల్లలు అంతమంది ఉన్నా ఏడుపు వినిపించదు. చిన్న గ్లాసుతో కొలిచి, కాస్త కాస్త పాలు, గంటలు చూసి పోసేవారు. "ఇంతేనా? ఇంకొంచెం పొయ్యండమ్మా" అని దువ్వెన బతిమాలితే, "ఎండిన నేల మీద ఒక్కసారి చెరువు వదిలితే ఏమవుతుంది? మెల్లగా తడపాలి. నువ్వు మాత్రం బయటి నుంచి ఏదీ పెట్టకు" అంది నర్సమ్మ.

మందులు పడేసరికి నీరు తియ్యడం మొదలైంది. బుగ్గలు దిగిపోయాయి. చేతులు దిగిపోయాయి. రోజు రోజుకీ ఆ దిండ్లలోంచి ఇంకో పిల్లవాడు బయటికొచ్చాడు. ఎముకల గూడు, వేలాడే తోలు, ముసలి ముఖం. నర్సమ్మ తూకం వేసి, "బరువు తగ్గాడు, మంచిదే. ఇదీ వీడి అసలు బరువు. ఇక్కణ్ణుంచి పెరగాలి" అంది. తగ్గితే మంచిదేమిటో దువ్వెనకి అర్థం కాలేదు.

అక్క చూడ్డానికి వచ్చింది. అలవాటు ప్రకారం వేళ్లతో ముఖం తడిమింది. వేళ్లు దవడ ఎముక మీద ఆగిపోయాయి. గుండెల దగ్గర పక్కటెముకల మీదికి జారాయి.

"ఒరేయ్, వీడు మనవాడు కాదురా" అంది. తర్వాత వార్డంతా వినపడేలా గోలపెట్టింది. "దిండులాంటి పిల్లాణ్ణి ఇస్తే పుల్లలా చేశారు! గుక్కెడు పాలు పోసి చంపేస్తున్నారు! తమ్ముడూ, నా బిడ్డని నాకిచ్చెయ్యరా. నేను బతికించుకుంటాను."

అప్పటికి దువ్వెన షాపు మూతపడి చాలా రోజులైంది. నెలలు నిండుతున్న భార్య వార్డు నేల మీద పడుకుంటోంది. ఇవన్నీ కారణాలే. కానీ అసలు కారణం, అతని కళ్లు కూడా అక్క వేళ్లు చెప్పిందే చెప్పాయి.

"వద్దండీ" అంది భార్య. "నర్సమ్మ చెప్పింది కదా, ఇప్పుడే అసలు గండమని. ఇంకొన్నాళ్లు..."

"నోర్ముయ్" అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

నర్సమ్మ డాక్టరుని పిలిచింది. డాక్టరు చెప్పాడు, కోప్పడ్డాడు, మళ్లీ చెప్పాడు. దువ్వెన తలొంచుకుని అన్నీ విని, సొంత పూచీ మీద తీసుకెళుతున్నానని సంతకం పెట్టి, పిల్లవాణ్ణి భుజాన వేసుకున్నాడు. బరువే తెలియలేదు.

ఇంట్లో వాడికి జరగని మర్యాద లేదు. అక్క గుడ్డు ఉడికించి మెత్తగా మెదిపింది. చిక్కటి పాలు, చెంచాలు తగ్గించకుండా, గ్లాసు నిండా పోసింది. ఈసారి ఎవరూ దేనికీ వెనకాడలేదు. వాడు తిన్నంత తిన్నాడు, కక్కాడు, మళ్లీ పెడితే మళ్లీ కక్కాడు. విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్ళు కాలింది, ఆ తర్వాత చల్లబడింది. తెల్లవారగానే దువ్వెన వాణ్ణి దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కాడు. ఆటో అతను పాత ఖాతాదారే. దారంతా పెట్రోలు ధర గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. దువ్వెన ఊ కొడుతూ కూర్చున్నాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర నర్సమ్మ దుప్పటి విప్పి చూసి, మళ్లీ నెమ్మదిగా కప్పేసింది. తిడుతుందేమోనని అతను అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం అక్క గోడకానుకుని కూర్చుని ఉంది.

"తమ్ముడూ, నేనే చంపానా?"

కాదక్కా అనాలి. అనాలనే నోరు తెరిచాడు. కానీ మాట రావడానికి పట్టాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపు పట్టింది. ఆ కాస్తలో ఆమె జవాబు వినేసింది. తర్వాత అతను ఎన్నిసార్లు "కాదక్కా" అన్నా, "సర్లే నాయనా" అని ఊరుకునేది.

భార్యకి ఆడపిల్ల పుట్టింది. వాడికంటే చిన్నగా, అరచేతిలో ఒదిగేంత. ఈసారి దువ్వెన నర్సమ్మ చెప్పిన ప్రతి మాటా నోరు తెరుచుకుని విన్నాడు. ఆరు నెలలు తల్లి పాలు తప్ప మరేదీ, నీళ్లు కూడా వద్దు. కాచని నీళ్లు ముట్టొద్దు. విరేచనాలైతే తిండి ఆపొద్దు. తల్లి బాగా తినాలి. అక్క కూడా పక్కన నిలబడి, చెప్పినవన్నీ బడిపిల్లలా తిరిగి అప్పజెప్పింది. ఇక ఆ ఇంట్లో తెలియనిది ఏమీ లేదు.

ఫ్యాక్టరీ నుంచి కబురు మళ్లీ వచ్చింది. అప్పటికి షాపులో బేరం సగం పడిపోయింది. గ్యారేజీ ఎదురుగా చల్లటి గదితో, తిరిగే కుర్చీలతో కొత్త సెలూన్ పెట్టారు. డ్రైవర్లు మొహమాటానికి దువ్వెనకి దండం పెట్టి అటు పోతున్నారు. ఇద్దరి సంపాదనలో ఏ ఒక్కటి ఆగినా ఇల్లు ఆగుతుంది.

దువ్వెన ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపుకాసి సూపర్వైజర్ని పట్టుకున్నాడు. "అయ్యా, మధ్యాహ్నం పాపని గేటు దాకా నేనే తెస్తాను. కాసేపు పాలిచ్చి లోపలికి వచ్చేస్తుంది."

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు దువ్వెనన్నా."

"అడిగితే ఇవ్వండయ్యా. పిల్లలే కదా."

సూపర్వైజరు చెడ్డవాడేం కాదు. వాళ్ల పిల్లవాడు కూడా దువ్వెన చెక్క మీద కూర్చుని గుడ్లు పగలకుండా కటింగ్ చేయించుకున్నవాడే. "లైను ఆగదన్నా" అన్నాడు, కళ్లలోకి చూడకుండా. "నా చేతిలో ఏముంది?"

ఆమె పనికి వెళ్లింది. పాప పగలు డబ్బా పాలే తాగింది. అక్క సీసాలు మరిగించింది, చెంచాలు అంచుకి సమంగా వేలితో తుడిచి కొలిచింది. అలా కొలిస్తే డబ్బా వారం తిరక్కుండానే అడుగంటింది. అది అయిపోయి, కొత్తది కొనేలోపు ఉన్న రోజుల్లో ఏం చెయ్యాలో మాత్రం నర్సమ్మ చెప్పలేదు. అక్క అడగనూ లేదు. తూకానికి తీసుకెళ్లినప్పుడల్లా ముల్లు పాత చోటనే ఊగి ఆగేది.

ఒక సాయంత్రం భార్య పని నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. గుండెల మీద బట్ట తడిసి, ఎండి, అట్టకట్టి ఉంది. దువ్వెన పాపని అందించాడు.

"పగలు పాలు వస్తున్నాయా?" అని అడిగాడు.

"రాకేం. నొప్పి పుట్టేదాకా వస్తాయి."

"మరి?"

"పిండేస్తాను. బాత్రూంలో, చేతులు కడుక్కునే తొట్లో."

"సీసాలో పట్టి తేలేవా?"

"గేటు దగ్గర సంచులు వెతుకుతారు, సీసాలు రానివ్వరు. తెచ్చినా, ఆ పొయ్యిల వేడికి సాయంత్రం దాకా ఉంటాయా?"

"మరి వాడున్నప్పుడు?"

"వాడున్నప్పుడూ ఇంతే" అంది. "అప్పుడు ఇంకా ఎక్కువ వచ్చేవి."

పాప తల్లి గుండెకి నోరు ఆనించి కాసేపు తాగి, అలిసిపోయి ఆగి, మళ్లీ తాగింది. ఆమె గుమ్మానికి తలాన్చి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు అతను. కళ్లు తెరవకుండానే మళ్లీ మాట్లాడింది.

"కుళాయి గట్టిగా తిప్పి కడిగేసి రావాలి. తెల్లగా ఉండిపోతే వెనక వచ్చేవాళ్లు తిడతారు."